ధాత కరువులో చచ్చిందెవరు?

వానలు కురవలేదు, కరువు వచ్చింది, జనం చనిపోయారు. 1876-78 నాటి ధాత కరువును మన పాఠ్యపుస్తకాలు చాలావరకు యీ మూడు ముక్కలతోనే సరిపెడతాయి. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నా దృష్టి మొదట మూడో ముక్కలోని "జనం" అనే మాటమీద నిలుస్తుంది. ఏ జనం? ఏ జిల్లావాళ్ళు? ఏ పని చేసుకొని బతికేవాళ్ళు? ఈ ప్రశ్న వెయ్యనంతకాలం కరువు దైవికంగానే కనిపిస్తుంది.

జనాభా లెక్కలు తీసి చూడండి. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభాలో దాదాపు నాలుగోవంతు తరిగిపోయింది. బళ్ళారి, కడప జిల్లాలు కూడా దారుణంగా దెబ్బతిన్నాయి. అదే పదేళ్ళలో గోదావరి, కృష్ణా జిల్లాల జనాభా పెరిగింది! తరిగినదంతా చావులే కాదు, నిజమే. వలసపోయినవాళ్ళున్నారు, అసలు పుట్టకుండా పోయిన బిడ్డలున్నారు. అయినా ఒకే మద్రాసు ప్రభుత్వం కింద, ఒకే భాష మాట్లాడే ప్రజల్లో, యింత తేడా ఎందుకు వచ్చింది?

అది కోస్తావారి అదృష్టమనబోయేవారికి నందన కరువును గుర్తుచెయ్యాలి. 1832-33లో గుంటూరు జిల్లాలో వున్న సుమారు 5 లక్షలమందిలో 2 లక్షలమంది చనిపోయారని అంచనా. కృష్ణానది అప్పుడూ పక్కనే పారుతూ వున్నది. నది వుండగానే సరిపోదు, నీరు పొలానికి ఎక్కాలి. 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర, 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్టలు లేచాయి. కాటన్ దొరను పూజించేవారితో నాకు పేచీ లేదు గాని, ఆనకట్టలకు డబ్బు మంజూరు చేసిన కంపెనీ ప్రభుత్వానికి ప్రజల ఆకలికన్న పడిపోయిన శిస్తే ఎక్కువగా కనిపించిందని మరవరాదు. రాయలసీమ దగ్గరికి వచ్చేసరికి కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు వాటాదార్ల సంస్థకు అప్పగించి, నూటికి 5 చొప్పున వడ్డీకి పూచీపడ్డారు. రైతు పంటకు పూచీ లేదు, దొర వడ్డీకి పూచీ వుంది! ఆశించినంత సాగు పెరగలేదు. చివరికి 1882లో ఆ కాలువను ప్రభుత్వమే కొనుక్కున్నది.

జిల్లాకూ జిల్లాకూ వున్న తేడా మాత్రమే చెప్పి ఆపితే అది భూగోళశాస్త్రమవుతుంది. ఒకే వూళ్ళో చావు ఏ గడప ముందు తొక్కింది? పాతర్లో గింజలున్న భూస్వామి బతికాడు, ధర పెరిగినకొద్దీ బాగుపడ్డాడు కూడా. డెల్టా ఆసాములకూ ఆ ధరలు కలిసివచ్చాయి. సన్నకారు రైతు ముందు ఎద్దుల్ని, తరవాత భూమిని పోగొట్టుకున్నాడు. పాలేరుకు అమ్ముకోవటానికి ఏమీ లేదు. గింజలు కూలిగా తీసుకొని బతికే ఆ మనిషిని ఆసామి మొట్టమొదట మానిపిస్తాడు. ఆ పాలేళ్ళలో ఎక్కువమంది మాల మాదిగలు. వూరి బావిని ముట్టుకునే హక్కు వానలు బాగా కురిసిన సంవత్సరంలోనే వారికి లేదు. నేతగాడి సంగతీ అంతే. తిండికే డబ్బు లేనినాడు బట్ట కొనేదెవరు?

ఇక ప్రభుత్వం చేసిన సహాయం. 1873-74లో బీహారులో పంటలు పోయినప్పుడు రిచర్డ్ టెంపుల్ అనే అధికారి బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. చావులు బహు స్వల్పం. అందుకు అతనికి దక్కింది మెప్పు కాదు, ఖజానాను దుబారా చేశాడన్న తిట్లు. అదే టెంపుల్‌ను 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ మద్రాసుకు పంపాడు. విక్టోరియాను భారత చక్రవర్తినిగా చాటుతూ ఢిల్లీలో మహావైభవంగా దర్బారు జరిగింది ఆ నెల 1వ తేదీనే. టెంపుల్ ఈసారి పాఠం నేర్చుకొని వచ్చాడు. కరువు పనుల్లో మగమనిషి రోజుకూలిని ఒక పౌను ధాన్యానికీ కొద్దిపాటి చిల్లరకూ దించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. దానితో రాళ్ళు కొట్టాలి, మట్టి మొయ్యాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దీనికి ఎదురుతిరిగాడు; ఖైదీకి జైల్లో పెట్టే తిండితో పోల్చి, యీ కొలతతో పనిచేసే మనిషి నిలవలేడని వాదించాడు. ఆ సంవత్సరంలోనే మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. కార్నిష్ కూడా ఆ ప్రభుత్వపు నౌకరే. సామ్రాజ్యపు వైద్యుడే ఒప్పుకోలేని కొలత అది. తెల్ల సిపాయికి ఆ కొలత పెట్టే సాహసం ఏ దొరకైనా వుండేదా?

చావుల రిజిస్టర్లలో మరొక చిత్రం జరిగింది. ఆకలితో చిక్కిన శరీరాన్ని చివరకు తీసుకుపోయేది కలరా, జ్వరం, విరేచనాలు. గ్రామోద్యోగి ఆ పేరే రాశాడు. వూరు విడిచి దారిలో పడిపోయినవాడి పేరు ఏ వూరి పుస్తకంలోకీ ఎక్కలేదు. అందుకే మొత్తం లెక్కలు పొంతన కుదరవు. ఫామిన్ కమిషన్ బ్రిటిషు ఇండియాకు 50 లక్షలకు పైగా చెప్పింది. విలియం డిగ్బీ అనే పత్రికా రచయిత, దక్షిణాది సంస్థానాలను కూడా కలుపుకొని, కోటి దాటించాడు.

2015 వేసవిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల్లో వడదెబ్బకు రెండువేలమందికి పైగా చనిపోయినట్లు ప్రభుత్వాలే ప్రకటించాయి. వారిలో ఎక్కువమంది ముసలివాళ్ళు, కూలీలు. మా వరంగల్లు ఎండ కలెక్టరు బంగళామీదా ఉపాధి పని జరిగే చెరువు మట్టిమీదా ఒక్కటే. పని మాని నీడన కూర్చుంటే ఆ రోజు కూలి ఎవరికి పోతుందన్న దగ్గరే తేడా అంతా. ఆ సాయంత్రం ఇంటికి చేరి, జ్వరం తగిలి, ఆస్పత్రి మొహం చూడకుండా గుడిసెలో పోయిన మనిషి వడదెబ్బ లెక్కలోకి రావాలంటే అధికారుల ధ్రువీకరణ కావాలి. అది దొరకనివాళ్ళ పేర్లు రెండువేల లోపల లేవు.