ఇంటి నిర్మాణ గుత్త

సొంత స్థలంలో తమకు కావలసిన విధంగా ఇల్లు కట్టించుకొనదలచినవారు ఆ పనిని మాట్లాడుకున్న ధరకు ఒక మేస్త్రీకి గాని, గుత్తేదారుకు గాని అప్పగించడాన్ని ఇంటి నిర్మాణ గుత్త అంటారు. వాడుకలో దీనిని కాంట్రాక్టు అనే ఎక్కువగా వ్యవహరిస్తారు. కట్టి సిద్ధంగా ఉన్న ఇంటిని కొనేవారు వస్తువును చూసి ధర చెల్లిస్తారు. కట్టించుకొనేవారు మాత్రం ఇంకా లేని వస్తువుకు విడతలవారీగా డబ్బు ఇస్తూ పోతారు. పైగా పునాది మట్టిలోను, ఇనుము కాంక్రీటులోను, గొట్టాలు గోడలలోను కప్పబడిపోతాయి. అందువలన పని నాణ్యతను తరువాత పరిశీలించే అవకాశం చాలావరకు ఉండదు. ఈ గుత్తలో వచ్చే తగాదాలకు ఎక్కువగా ఇదే మూలం.

గుత్త రకాలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది కూలి గుత్త (లేబర్ కాంట్రాక్టు). ఇందులో సిమెంటు, ఇనుము, ఇసుక, కంకర, ఇటుక యజమానే కొని ఇస్తారు. మేస్త్రీ తన తాపీ పనివారితోను, కూలీలతోను పని చేయించి చదరపు అడుగుకు ఇంత అని కూలి తీసుకుంటాడు. విద్యుత్తు, ప్లంబింగు, వడ్రంగం, రంగుల పనులను సాధారణంగా వేరువేరు పనివారికి అప్పగిస్తారు. రెండవది సామాగ్రితో సహా ఇచ్చే గుత్త (మెటీరియల్ కాంట్రాక్టు). ఇందులో సరుకు, కూలి, పర్యవేక్షణ అన్నీ గుత్తేదారువే.

కూలి గుత్తలో మేస్త్రీకి సిమెంటు తగ్గించవలసిన అవసరం లేదు, అయితే వృథాను అరికట్టవలసిన అవసరమూ లేదు. మిగిలిపోయి గడ్డకట్టిన బస్తాల నష్టం యజమానిదే. సామాగ్రి గుత్తలో వృథా తగ్గుతుంది గాని, వాడకుండా మిగిల్చిన ప్రతి బస్తా గుత్తేదారుకు లాభమవుతుంది. కాబట్టి మొదటి పద్ధతిలో లెక్క మీద, రెండవ పద్ధతిలో నాణ్యత మీద ఎక్కువ నిఘా అవసరం. పన్ను విషయంలోను తేడా ఉన్నది. 2017లో వచ్చిన వస్తు సేవల పన్ను (జి.ఎస్.టి.) నిబంధనల ప్రకారం విడిగా కట్టే ఒక్క ఇంటికి సంబంధించిన కేవల కూలి గుత్తకు పన్ను మినహాయింపు కలదు, సామాగ్రితో కూడిన గుత్తకు ఈ మినహాయింపు లేదు.

స్థలాన్ని బిల్డరుకు ఇచ్చి, అతడు కట్టిన ఫ్లాట్లలో వాటా తీసుకొనే డెవలప్‌మెంటు ఒప్పందం వేరే విషయం.

చదరపు అడుగు లెక్క

మాట్లాడుకొనే ధర చదరపు అడుగుకు ఉంటుంది. తగాదా మాత్రం ధర దగ్గర కంటే అడుగుల దగ్గరే ఎక్కువగా వస్తుంది. పోర్టికో, బాల్కనీ, మేడ మీది మెట్ల గది, సజ్జలు కొలతలోకి వస్తాయా, వస్తే పూర్తిగానా సగమా అనేది ముందే వ్రాసుకోవాలి. ఉదాహరణకు ధర 1,800 రూపాయలు అనుకుంటే, పోర్టికో, బాల్కనీ కలిసి 150 చదరపు అడుగులు ఉన్నచోట ఈ ఒక్క మాట మీదనే 2,70,000 రూపాయల తేడా వస్తుంది. నీటి సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ గోడ, గేటు సాధారణంగా ఈ ధరలో చేరవు. అయితే చేరవని ఎవరూ ముందు చెప్పరు.

బేస్‌మెంటు ఎత్తు కూడా ఇటువంటిదే. రోడ్డు మట్టం నుండి ఎన్ని అడుగులు లేపాలి, లోపల నింపే మట్టి ఎవరిది అనేవి తేల్చుకోవాలి. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకొని పగుళ్ళు తెస్తుంది గనుక అక్కడ పునాది లోతు, రకం మారతాయి. ఆ అదనపు ఖర్చు ఎవరిదో తవ్వకం మొదలయ్యాక మాట్లాడుకోవడం ఇద్దరికీ నష్టమే.

ఒప్పంద పత్రం

"మంచి రకం సరుకు", "కంపెనీ ఫిట్టింగులు" వంటి మాటలకు ఒప్పందంలో విలువ లేదు. సిమెంటు రకం, ఇనుము గ్రేడు, ఊసల మందం, గచ్చుకు వేసే పలకల ధర చదరపు అడుగుకు ఎంతవరకు, ద్వారబంధాలు టేకువా వేపవా మద్దివా, రంగులు ఎన్ని కోట్లు అనేవి పేరుపేరునా ఉండాలి. ఇంజనీరు సంతకం చేసిన నిర్మాణ పటాలను ఒప్పందానికి జతచేయడం మేలు. ఊసల సంఖ్యను మేస్త్రీ అనుభవానికి వదిలివేయడం పల్లెలలో ఇంకా కనిపిస్తుంది. ఒక అంతస్తుకు అది సరిపోవచ్చు గాని, తరువాత పై అంతస్తు వేయదలచినప్పుడు చిక్కు తెలుస్తుంది.

పని మధ్యలో వచ్చే మార్పులను "ఎక్స్‌ట్రా పని" అంటారు. వీటిలో వాస్తు మార్పులు ముఖ్యమైనవి. బేస్‌మెంటు పూర్తయ్యాక మెట్లను మరో మూలకు మార్చడం, లేచిన గోడను కొట్టి తలుపు జరపడం తరచుగా జరుగుతుంది. దీనివలన ఖర్చు పెరగడమే గాక, మంజూరైన ప్లానుకు భిన్నంగా కట్టినట్లవుతుంది. వాస్తు చూపించుకొనేవారు ప్లాను గీయించే నాడే చూపించుకోవడం మంచిది. ప్రతి మార్పుకు ధరను ఆ రోజే కాగితం మీద వ్రాసి ఇద్దరూ సంతకం చేయాలి.

చెల్లింపులు

బయానా, బేస్‌మెంటు, గోడలు, స్లాబు, పూత, గచ్చు, రంగులు అనే దశలలో డబ్బు చెల్లించడం వాడుక. చెల్లింపు పని వెనుక నడవాలి, ముందు నడవరాదు. ఒక ఇంటి బయానాతో మరొక ఇంటి స్లాబు వేసే గుత్తేదారు చేతిలో డబ్బు ముందే పడితే, తరువాతి నెలల్లో పని ఆగిపోవడం సహజం. చివరి మొత్తంలో కొంత భాగాన్ని కనీసం ఒక వానాకాలం గడిచేవరకు ఆపుకొనే షరతు ఉంటే స్లాబు కారడం, గోడ చెమ్మ వంటివి బయటపడతాయి. బ్యాంకు అప్పు కూడా దశలవారీగానే విడుదలవుతుంది. అయితే బ్యాంకు తరఫు ఇంజనీరు చూసేది తమ అప్పుకు తగిన పని జరిగిందా అనే. దానిని నాణ్యతా పరీక్షగా భావించరాదు.

గృహప్రవేశ ముహూర్తం ఈ ఏర్పాటును తలక్రిందులు చేస్తుంది. ఆషాఢమాసంలోను, మూఢంలోను ముహూర్తాలు పెట్టరు. కాబట్టి మంచి రోజులు దగ్గరపడేసరికి మిగిలిన పనులన్నీ హడావుడిగా సాగుతాయి, పూత ఆరకముందే రంగులు పడతాయి. పాలు పొంగించిన మరునాటి నుండి పనివారు రావడం తగ్గుతుంది.

కప్పక ముందు చూడవలసినవి

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) ప్రకారం ఇనుముతో వేసే కాంక్రీటు కనీసం ఎం-20 రకం అయి ఉండాలి. వాడుకలో దీనిని ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్ళుగా కలుపుతారు. 50 కిలోల బస్తాకు నీరు 30 లీటర్లు మించరాదు. పని సులువుగా సాగాలని కూలీలు నీరు ఎక్కువగా పోయడం అన్నిచోట్లా చూసేదే. జారుగా ఉన్న కాంక్రీటు చక్కగా పరచుకుంటుంది, కాని బలం తగ్గుతుంది. ఊసల క్రింద కవర్ బిళ్ళలు పెట్టారో లేదో స్లాబు వేసే నాటి ఉదయమే చూడాలి. స్లాబుకు 20, స్తంభానికి 40, పునాదికి 50 మిల్లీమీటర్ల కవర్ అవసరం. కవర్ లేని ఊసకు తుప్పు పట్టి కొన్నేళ్ళకు పెచ్చులు ఊడతాయి.

మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు, ఎండాకాలపు పనికి కనీసం 10 రోజులు ఎడతెగకుండా తడి ఉండాలి. నీళ్ళు పట్టే బాధ్యత ఎవరిదో ఒప్పందంలో లేకపోతే అది ఎవరిదీ కాదు. మామూలు సిమెంటుతో వేసిన స్లాబు విస్తారం 4.5 మీటర్ల లోపు ఉంటే 7 రోజులకు, మించితే 14 రోజులకు ముందు పోట్లు తీయరాదు. సెంట్రింగు సామాను అద్దెది కావడం వలన త్వరగా తీసుకుపోవాలనే ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది.

దూరాన ఉన్న యజమానులు

గల్ఫ్ దేశాలలోను, అమెరికాలోను ఉంటూ స్వగ్రామంలో ఇల్లు కట్టించుకొనేవారు పనిని తండ్రికో, బావమరిదికో అప్పగిస్తారు. బంధువుల మధ్య కాగితం వ్రాసుకోవడం మర్యాద కాదన్న భావన వలన లెక్కలు నోటిమాటగానే సాగుతాయి. తరువాత చెడేది ఇల్లు ఒక్కటే కాదు. విదేశంలో వ్రాసిన అధికార పత్రం (జి.పి.ఎ.) భారతదేశానికి చేరిన మూడు నెలలలోగా దానిపై స్టాంపు సుంకం చెల్లించాలి.

వివాదాలు

1993 సవరణతో గృహ నిర్మాణం వినియోగదారుల రక్షణ చట్టంలో "సేవ"గా చేరింది. అదే ఏడు లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీం కోర్టు కూడా ఈ అర్థాన్నే సమర్థించింది. 2019 చట్టంలోను ఇది కొనసాగింది. 2021 నిబంధనల ప్రకారం చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల వరకు ఉంటే ఫిర్యాదు జిల్లా కమిషన్‌కు వెళ్తుంది. స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా, 2016) అమ్మకానికి కట్టే ప్రాజెక్టులకు ఉద్దేశించినది కావున, సొంత స్థలంలో సొంతానికి కట్టించుకొనే ఇంటికి సాధారణంగా వర్తించదు. వినియోగదారుల ఫిర్యాదుకు గడువు వివాద కారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్ళు. చెల్లింపు రసీదులు, మార్పుల కాగితాలు, ఇనుము కట్టిన రోజు తీసిన ఛాయాచిత్రాలు సాక్ష్యంగా ఉపయోగపడతాయి.