దేశాంతరోద్యోగములు: ముందుగాఁ జేసికొను నొడంబడికల చరిత్రము

ఈ సాంవత్సరిక మహాసభా సంచికకు వ్యాసమొకటి వ్రాయవలసినదిగా సభానిర్వాహకులు మమ్ముఁ గోరిరి. కులోత్పత్తిని గుఱించియు, గోత్రములను గుఱించియు మాన్యులు పలువురు వ్రాయఁగలరు గావున మేము మఱొక విషయమును గైకొంటిమి. ఉలి, సుత్తె, కొలిమి, పట్టకారు తరతరములుగాఁ జేతఁబట్టిన మన యిండ్లలో నేఁడు గల్ఫు దేశములకో, సింగపూరునకో, అమెరికాకో పోవఁదలఁచు యువకులు పెక్కుండ్రు గలరు. పోవుట తప్పు గాదు. ఏ పనికి, ఎవరియొద్దకు, ఎంత జీతమునకుఁ బోవుచున్నాఁడో ముందుగా వ్రాతమూలమునఁ దెలిసికొని పోవుచున్నాఁడా యనునదియే ప్రశ్న. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీనికి దీర్ఘమైన చరిత్రము గలదు.

మన ప్రాచీనులు పనివాని జీతము విషయమున నుపేక్ష వహించినవారు కారు. కౌటిల్యుని యర్థశాస్త్రమున మూఁడవ యధికరణమునందు కర్మకరులను గుఱించిన ప్రకరణ మొకటి కలదు. పనివాఁడు యజమానునితోఁ జేసికొనిన కట్టుబాటు ఇరుగుపొరుగువారికిఁ దెలిసి యుండవలెననియు, ముందు మాటాడుకొనిన జీతమే వానికి ముట్టవలెననియు, మాటాడుకొననిచో పనినిబట్టియు కాలమునుబట్టియు జీతము నిర్ణయింపవలెననియు నందుఁ గలదు. నాలవ యధికరణమున కారుకరక్షణ ప్రకరణమందు, చేతిపనివాండ్రు చోటు, కాలము, పని యను మూఁటిని నిర్దేశించుకొని పనిచేయవలెనని విధింపఁబడినది. చోటు, కాలము, పని, జీతము, సాక్షి: ఈ యైదింటిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొన వలెనని ప్రార్థించుచున్నాము. ఇఁకమీఁదఁ జెప్పఁబోవు చరిత్రమంతయు వీనిలో నేది లోపించినప్పుడు ఏమి సంభవించెనో తెలుపునదియే.

1834వ సంవత్సరమున బ్రిటిషువారి వలసరాజ్యములలో బానిసత్వము రద్దుకాఁగా అచ్చటి చెఱకుతోఁటలకుఁ గూలీలు కావలసివచ్చిరి. 1837వ సంవత్సరపు చట్టము, దేశము విడుచువాఁడు తన యొడంబడికతో ప్రభుత్వాధికారి యెదుట నిలువవలెనని శాసించెను. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ యను నోడ చెన్నపట్టణమునుండి నేటాలు దేశపు డర్బను రేవు చేరెను. ఆ పిదపఁ బోయిన యోడలలో మన విశాఖపట్టణము, గంజాము ప్రాంతములవారును పెక్కుండ్రు పోయిరి. వారికి ఒడంబడిక లేకపోలేదు. కాలము ఐదేండ్లు, మొదటియేఁట జీతము నెలకు పది షిల్లింగులు. కాని యజమానుఁ డెవఁడో ఓడ దిగినపిదపఁగాని తెలియదు. పత్రము గలదు, కాలము గలదు, జీతము గలదు. ఎవరియొద్ద ననునది మాత్రము లేదు. ఆ లోపమొక్కటియే వారిని తోఁటయజమానుల దయాదాక్షిణ్యములకు వదలివైచెను.

ఆ నేటాలునకే 1893వ సంవత్సరమున మఱొకరు పోయిరి. ఆయన మోహనదాసు కరంచందు గాంధీ. దాదా అబ్దుల్లా కంపెనీవారు పిలువఁగా, ఎంతకాలము, ఎంత ప్రతిఫలము అని ముందుగా నడిగి తెలిసికొనియే యాయన పయనమయ్యెను. ఏఁడాదికి మించని పని, రానుపోను మొదటి తరగతి ప్రయాణవ్యయము, భోజనవసతులు గాక 105 పౌనులు. ఆయన కచ్చట నవమానములు తప్పలేదు. అది వేఱు కథ. కాని యజమానునితోడి కట్టుబాటు విషయమున మోసపోవుటకు తావులేకపోయెను. ఒకే దేశమునకుఁ బోయిన యిరుతెఱఁగుల వారికిఁ గల భేదమును గనుఁడు.

చేతిపనివారి చరిత్రమున ముఖ్యమైనది తూర్పు ఆఫ్రికా రైలుమార్గము. 1896 మొదలు 1901 వఱకు మొంబాసానుండి విక్టోరియా సరస్సుదాఁక వేయఁబడిన యీ మార్గమునకై మనదేశమునుండి సుమారు 32,000 మంది మూఁడేండ్ల యొడంబడికపైఁ గొనిపోఁబడిరి. కూలీలతోఁబాటు తాపీపనివారు, వడ్రంగులు, కమ్మరులు నందుండిరి. 2,493 మంది మరణించిరి. ఆఱువేలకుఁ బైగా నశక్తులై తిరిగి పంపఁబడిరి. కాలము తీఱినపిదప దాదాపు 6,700 మంది యచ్చటనే నిలిచిరి. వడ్రంగము, కమ్మరము కులవృత్తులుగాఁ గల పంజాబు రామగఢియా సిక్కులు ఆ దేశమున స్థిరపడి గృహనిర్మాణాదులయందుఁ బ్రఖ్యాతి గాంచుట కిదియే నాంది. మన వృత్తులవారే వేఱొక ప్రాంతమున నేమి సాధించిరో దీనివలనఁ దెలియును. ఏమి చెల్లించిరో యదియుఁ దెలియును.

1922వ సంవత్సరపు 7వ చట్టమున నిపుణవృత్తికిఁ బోవువారి కొఱకు ప్రత్యేకముగ నియమము లేర్పడినవి. చేతిపనివారు, గుమాస్తాలు, దుకాణపు సహాయకులు, ఇంటి పరిచారకులు మొదలగువా రందుఁ జేరిరి. అట్టివారిని గొనిపోవఁదలఁచినవాఁడు ఎందఱిని, ఎచ్చటికి, ఏ షరతులపైఁ గొనిపోవునో, వారి యారోగ్యమునకును, తిరుగుప్రయాణమునకును చేయు నేర్పాటెట్టిదో వ్రాసి రాష్ట్రప్రభుత్వము ననుమతి వేఁడవలెను, హామీ యీయవలెను. ఇరాను దేశపు అబదాను చమురు శుద్ధికర్మాగారమునకు బొంబాయినుండి ఫిట్టర్లు, టర్నర్లు, గుమాస్తాలు పోయినది యా కాలముననే.

ఇంత చట్టముండఁగా మన తెలుఁగువారు వేలకొలఁది పోయిన బర్మాకు మాత్రమిది వర్తింపలేదు. 1937వ సంవత్సరము వఱకు బర్మా మనదేశములోని భాగముగనే పరిగణింపఁబడుచుండెను. కాకినాడలోను, విశాఖపట్టణములోను పొగయోడ నెక్కినవానికి పత్రముతోఁ బనిలేదు. మేస్త్రీ యిచ్చిన బయానాయే పత్రము, ఆ యప్పే సంకెల. 1930వ సంవత్సరము మే నెలలో రంగూను రేవునఁ గూలిపనికై బర్మావారికిని తెలుఁగువారికిని ఘోరమైన కొట్లాట జరిగెను. 1942వ సంవత్సరమున జపానుసేనలు రాఁగా లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాఁటి కాలినడకను మరలివచ్చిరి, త్రోవలోఁ గూలినవారెందఱో. చోటు దగ్గఱ, ప్రయాణము సులువు, అందఱును పోవుచున్నారు అను ధైర్యము ఒడంబడికకు బదులు కాఁజాలదని యీ చరిత్రము చాటుచున్నది.

1973వ సంవత్సరమున చమురుధర పెరిగినపిదప గల్ఫు దేశములు మన కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతములవారిని పిలిచినవి. ఆ రద్దీకిఁ బాఁతచట్టము చాలక 1983వ సంవత్సరపు ప్రవాసచట్టము పుట్టెను. దానిచే ఉద్యోగములు కుదుర్చు ఏజెంటు ప్రభుత్వమున నమోదు గావలెను. పదవతరగతి యుత్తీర్ణులు గానివారు కొన్ని దేశములకుఁ బనికిఁ బోవుటకు ముందు ప్రవాసరక్షకాధికారి యనుమతి పొందవలెను. అమెరికావారి 1990వ సంవత్సరపు చట్టమువలన నేర్పడిన హెచ్-1బి పద్ధతియందును ముందుగా నర్జీ పెట్టవలసినవాఁడు యజమానుఁడే. దేశములు వేఱు, విద్యలు వేఱు; సూత్రమొక్కటియే.

అయినను మోసము లాఁగలేదు. డేటా ఎంట్రీ యుద్యోగములని నమ్మించి కంబోడియాకుఁ గొనిపోయి, సైబరు మోసముల పనికి నిర్బంధించిన వృత్తాంతము 2024వ సంవత్సరమున విశాఖపట్టణపు పోలీసులవలన వెల్లడి యయ్యెను. అందుఁ జిక్కినవారు చదువుకొన్నవారే. మా శిష్యుఁడొకఁడు వెల్డింగు పనియందు నిపుణుఁడు. ఏజెంటొకఁడు చూపిన తెలుఁగు కాగితమున ‘వెల్డరు’ అని యుండెను. అచ్చట దిగినపిదప యజమానుఁడు చూపిన అరబ్బీ పత్రమున బరువులు మోయు కూలి యని యుండెను. పొలముపైఁ దెచ్చిన యప్పు తీర్చుటకే వానికి మూఁడేండ్లు పట్టెను. వాఁడు సోమరి కాఁడు, మూఢుఁడు కాఁడు. వాని పత్రమును చదివి చెప్పువాఁడొకఁడు ఊర లేకపోయెను, అంతియే.

కావున నీ మహాసభవారికి మా విన్నప మిది. ప్రతి తాలూకా శాఖయందును చదువరులైన పెద్దలిద్దఱిని నియమింపుఁడు. విదేశమునకుఁ బోవు ప్రతి యువకుఁడును తన పత్రమును వారికిఁ జూపవలెను. యజమానుని పేరు, చోటు, పని, కాలము, జీతము, తిరుగుప్రయాణము అందున్నవో లేవో వారు చూడవలెను. పరభాషలోని పత్రమునకు అనువాదము గోరవలెను. ఏజెంటు నమోదుసంఖ్యను ప్రభుత్వమువారి ‘ఇ-మైగ్రేట్’ పట్టికలో సరిచూడవలెను. ప్రతి యొకటి యింటనుంచుకొనుమని తల్లిదండ్రులకుఁ జెప్పవలెను. యాత్రికుల వీసాపైఁ బనికిఁ బొమ్మనువానిని నమ్మవలదని గట్టిగా వారింపవలెను. దీనికి ధనముతోఁ బనిలేదు. కొంచెము తీరిక, కొంచెము శ్రద్ధ చాలును. పనివాని కట్టుబాటు ఇరుగుపొరుగువారికిఁ దెలిసియుండవలెనని కౌటిల్యుఁడు విధించెను. ఊరువిడిచి పోవువానికి ఆ యిరుగుపొరుగు మన సంఘమే కావలయును.