వల్దియత్

మా ఊరి పాత కాగితాల్లో ప్రతి మగవాడి పేరు తరువాత ఒక మాట ఉంటుంది. వల్ద్. ఫలానా వల్ద్ ఫలానా, అంటే ఫలానావాడి కొడుకు. నిజాం కాలపు ఉర్దూ రికార్డుల్లో సాయిబులకే కాదు, తెలుగు పేర్లవాళ్లకూ ఇదే మాట. ఆడవాళ్లకు జౌజే, అంటే ఫలానావాడి భార్య. తల్లి పేరుకు ఆ కాగితాల్లో గడి లేదు.

మాది పెద్ద కొడప్‌గల్. నిన్నమొన్నటిదాకా నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా, బాన్సువాడ డివిజన్. తెలుగు, కన్నడ, మరాఠీ కలిసే సరిహద్దు ప్రాంతం. ఇక్కడ మేము దూదేకినవాళ్లం, గాజులమ్మినవాళ్లం, కూలికి పోయినవాళ్లం. అయినా చరిత్ర పుస్తకం తెరిస్తే మాకు కనిపించేది నవాబులే. ‘మీరు ఏలినవాళ్లు కదా’ అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏలినవాళ్ల ఆస్తిలో మాకు వాటా రాలేదు గానీ, వాళ్లమీది కోపంలో మాత్రం వాటా వచ్చింది.

ఆ నవాబుల ఇళ్లలోనూ ఏలబడినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఆడవాళ్లు. వాళ్ల కథ మాకు కావాలి.

పాయిగా కుటుంబానికి చెందిన నవాబ్ వలీయుద్దౌలా 1935లో చనిపోయాడు. ఆయన మత్రూకా, అంటే వదిలిపోయిన ఆస్తి, చాలా పెద్దది. అమీరున్నిసా బేగం భార్య అన్న సంగతిలో తగువు లేదు. మహబూబ్ బేగం, ఖాదిరన్ బేగం అనే మరో ఇద్దరు తామూ నికా అయిన భార్యలమేననీ, తమ పిల్లలు ఆయన పిల్లలేననీ అన్నారు. కాదన్నారు అవతలివాళ్లు. నికా జరిగిందా లేదా అన్నదే ప్రశ్న. జరిగితే ఆ పిల్లలు వారసులు, జరగకపోతే ఎవరూ కారు. ఏళ్ల తరబడి విచారణలు, కమిషన్లు, ఫర్మానాలు నడిచాయి. రాజ్యం మారింది. 1950లో హైదరాబాదు ప్రభుత్వం ఈ ఒక్క తగువు కోసమే ఒక చట్టం చేసింది. పేరు వలీయుద్దౌలా వారసత్వ చట్టం. ఆ ఇద్దరు స్త్రీల, వాళ్ల పిల్లల హక్కులు కొట్టివేశామనీ, దీన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదనీ అందులో రాశారు.

వాళ్లు ఊరుకోలేదు. అప్పటికి రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. అందులో పద్నాలుగో అధికరణం ఉంది. తగువు సుప్రీంకోర్టుదాకా పోయింది. వారసత్వం గురించి తగువులు ఎందరికో ఉంటాయి, అందరికీ కోర్టు తలుపు తెరిచే ఉంటుంది, ఈ ఇద్దరికే ఎందుకు మూశారు అని అడిగి, 1952లో కోర్టు ఆ చట్టం వీళ్లకు చెల్లదంది. వాళ్లు భార్యలని కోర్టు తేల్చలేదు. తేల్చుకునే హక్కు వాళ్లకుందని మాత్రమే చెప్పింది. సమానత్వం గురించి చదువుకునే ప్రతి లా విద్యార్థీ ఈ తీర్పు చదువుతాడు. అది మా జనానా నుంచి వచ్చిన తీర్పని ఎవరూ మాకు చెప్పలేదు.

నవాబు ఇంట్లో నికాకు రుజువు లేకపోతే అంత గొడవైంది. మా ఇళ్లలో? ఖాజీ సియాహాలో రాసుకుంటాడు. నకలు తెచ్చుకున్న ఇళ్లు ఎన్ని?

పితృత్వానికి మా ఫిఖ్‌లో మొదటి ఆధారం నికా. ఇంకొక దారి ఇక్రార్, అంటే తండ్రి ఒప్పుకోలు. ఆ బిడ్డ ఇంకొకరి బిడ్డని తెలిసి ఉండకూడదు, వయసుల్లో తగిన తేడా ఉండాలి, వ్యభిచారం వల్ల పుట్టినట్టు రుజువై ఉండకూడదు. ఒప్పుకున్నాక వెనక్కి పోవడానికి లేదు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కొడుకు జస్టిస్ మహమూద్ 1888లో అలహాబాద్ హైకోర్టులో దీనిమీద వివరమైన తీర్పు రాశాడు. ఇది దత్తత కాదు. లేని కొడుకును తెచ్చుకోవడం కాదు, ఉన్న బిడ్డను ఉన్నాడని చెప్పడం.

దేశ చట్టమూ బిడ్డ పక్షమే. పెళ్లి నిలిచి ఉండగా పుట్టినా, పెళ్లి తెగాక 280 రోజుల్లోపు పుట్టినా, తల్లి మళ్లీ పెళ్లాడకపోతే ఆ బిడ్డ ఆ భర్త బిడ్డే. 1872 సాక్ష్య చట్టంలో 112వ సెక్షన్‌గా ఉన్న ఈ మాట 2024 జూలై నుంచి కొత్త సాక్ష్య చట్టంలో 116వ సెక్షన్. భార్యాభర్తలు కలిసే వీలే లేదని నిరూపిస్తే తప్ప అది చెదరదు. అనుమానం వచ్చినప్పుడల్లా రక్తపరీక్షకు ఆదేశించడం కుదరదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. భర్త దుబాయిలో ఉంటే ఇక్కడ భార్యమీద మాటలు పుట్టించేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

పిల్లలు ఎవరివి? హనఫీ పద్ధతిలో మగపిల్లవాడు ఏడేళ్లదాకా, ఆడపిల్ల ఈడేరేదాకా తల్లి దగ్గర ఉండాలి. దాన్ని హిజానత్ అంటారు. వలీ మాత్రం తండ్రి. పెంచే కష్టం తల్లిది, సంతకం తండ్రిది. తగువు వస్తే 1890 గార్డియన్స్ చట్టం కింద కోర్టు చూసేది పిల్లల మేలు. తలాక్ అయినా పిల్లల పోషణ తండ్రి బాధ్యతేనని సుప్రీంకోర్టు 1997లో తేల్చింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరిలాగే మామూలు చట్టం కింద మనోవర్తి అడగవచ్చని 2024 జూలైలో చెప్పింది. ఆ కేసు మన తెలంగాణ నుంచి పోయిందే.

ఇక అప్పు. ఊళ్లో ఎవరి దుకాణమైనా మునిగితే ‘ఐపీ పెట్టిండు’ అంటారు, పరువు పోయినట్టు. ఐపీ అంటే జిల్లా కోర్టులో దివాలా దరఖాస్తు. 1920 నాటి చట్టం ఇచ్చిన దారి అది, నేరం కాదు. వంటగిన్నెలు, పరుపులు, చేతివృత్తి పనిముట్లు జప్తుకు రావు. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువివ్వమని ఖురాను కూడా చెబుతోంది.

తండ్రి చనిపోతే మత్రూకాలోంచి ముందు కఫన్ దఫన్ ఖర్చు, తరువాత అప్పులు, ఆ తరువాత మూడో వంతుకు మించని వసియత్, మిగిలితే వారసులకు. తండ్రి ఏమీ వదలకపోతే కొడుకు జేబులోంచి కట్టాలని షరియత్ అనదు. వడ్డీ వ్యాపారి ఇంటిమీదికొస్తే ఈ మాట చెప్పే ధైర్యం మాకుండాలి. ఇంకొకటి మరిచిపోతాం. ఇవ్వని మెహర్ కూడా అప్పే. భర్త పోయిన ఇంట్లో వారసులకంటే ముందు నిలబడే బాకీదారు ఆ ఇంటి ఆడమనిషే. మయ్యత్ లేవక ముందు ‘మెహర్ మాఫ్ చెయ్యమ్మా’ అని ఆమెచేత అనిపించే ఆచారం ఎవరి లాభానికి?

వల్దియత్ అడగడం ఆగలేదు. ఇప్పుడు అడిగేది పౌరసత్వం పేరుతో. 1987 జూలై తరువాత పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల పౌరసత్వం కూడా లెక్కలోకి వచ్చింది, 2004 డిసెంబరు తరువాత అది ఇంకా బిగిసింది. మీ నాయన ఎవరు, ఎక్కడ పుట్టాడు, కాగితం చూపండి అంటే, కూలికి పోయిన నాయనకు కాగితం ఎక్కడిది?

అడిగేవాళ్లను మేము ప్రశ్నిస్తాం, ప్రశ్నిస్తూనే ఉంటాం. కాని ఇంట్లో చెయ్యాల్సింది ఇంట్లో చెయ్యాలి. సియాహా నకలు పెళ్లికూతురి చేతికివ్వాలి. బిడ్డ పుట్టుక రాయించాలి, తల్లి పేరుతో సహా. మెహర్ బతికుండగానే చెల్లించాలి. ఖాదిరన్ బేగం, మహబూబ్ బేగం పదిహేడేళ్లు కొట్లాడితే ఒక తలుపు తెరుచుకుంది. అది మా ఆడబిడ్డలకూ తెరిచే ఉందని వాళ్లకు చెప్పడం మా పని.