పీట నుంచి తొలి నమూనా వరకు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత వడ్రంగం - ఫర్నిచర్ రూపకల్పన విద్య

వ్యాస సంగ్రహం

ఆలోచన, చిత్తుగీతలు, చిన్న పరిమాణపు నమూనా, పూర్తి పరిమాణపు తొలి నమూనా, పరీక్ష అనే దశలలో ఫర్నిచర్ రూపకల్పనను నేర్పే స్టూడియో పద్ధతి ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో భారతదేశంలో స్థిరపడింది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల గ్రామీణ వడ్రంగాన్ని ఈ పద్ధతి పక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ రెండింటి మధ్య ప్రధానమైన భేదం నైపుణ్యంలో కాక, వస్తువును చేసేవానికీ వాడేవానికీ మధ్య గల సామాజిక సంబంధంలో ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వడ్రంగం, వెట్టి, కుర్చీ, నులకమంచం, స్టూడియో ప్రాజెక్టు, తొలి నమూనా

1. ఉపోద్ఘాతం

తెలుగు నేలపై శిల్పకళ చరిత్రకు లభించినంత స్థానం వడ్రంగానికి లభించలేదు. ఇందుకు ఒక కారణం పదార్థ స్వభావమే. సూర్యాపేట సమీపాన పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు రాతి ఆలయాలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ కాలపు పీటలు, మంచాలు చెదపురుగుకూ పొయ్యికీ ఆహుతయ్యాయి. ప్రాచీన ఆసనాల రూపాన్ని తెలుసుకోవడానికి కూడా రాతినే ఆశ్రయించవలసి వస్తుంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పఫలకాలపై సింహాసనాలు, తల్పాలు కనిపిస్తాయి. అయితే అవి రాజులవి, ఆరాధ్యులవి. సామాన్యుల ఇంటి వస్తువులకు ఆధారాలుగా మిగిలినవి వృత్తిపదాలు, వాడుకలో ఉన్న వస్తువులు, వృత్తిదారుల జ్ఞాపకాలు.

2. పదాలు చెప్పే చరిత్ర

ఇంటి సామగ్రి పేర్లను పరిశీలిస్తే రెండు పొరలు కనిపిస్తాయి. పీట, బల్ల, మంచం, ఉట్టి వంటివి మన భాషలో చిరకాలంగా పాదుకొన్నవి. నేలపై కూర్చునే జీవనానికి ఇవి చెందుతాయి. కుర్చీ అరబ్బీ మూలం గల మాట. ఉర్దూ ప్రాబల్యం గల నిజాం రాజ్యంలో అది పాలనా వ్యవహారంతో పాటు వ్యాపించింది. అలమారా పోర్చుగీసు మూలం గలది. సోఫా, డైనింగ్ టేబుల్ ఇంగ్లీషు ద్వారా వచ్చాయి. తెలుగులో ‘కుర్చీ కోసం పోరు’ అంటే అధికారం కోసం పోరు అని అర్థం. ‘పీట వేయడం’ అంటే మర్యాద చేయడం. ఒక ఆసనం అధికారానికి, మరొకటి ఆతిథ్యానికి గుర్తుగా నిలవడం యాదృచ్ఛికం కాదు.

3. వడ్రంగి పనిలోని క్రమం

విశ్వబ్రాహ్మణుల పంచవృత్తులలో వడ్రంగం ఒకటి. తెలంగాణ పల్లెలలో వడ్లవారుగా పిలిచే వీరు నాగళ్లు, గుంటకలు, బండ్లు, తలుపులు, మంచాలు చేసేవారు. ఏడాది పొడుగునా చేసిన వ్యవసాయపు పనికి ప్రతిఫలంగా పంట నూర్పిడి వేళ కళ్లంలో ధాన్యం వాటా పొందేవారు.

ఈ పనిలో కాగితంపై గీసిన బొమ్మ ఉండేది కాదు. కానీ రూపకల్పన లేదనడానికి వీలులేదు. బండికి, నాగలికి తుమ్మ, తలుపులకు టేకు లేదా వేప అంటూ పనిని బట్టి కర్రను ఎంచుకోవడం మొదటి నిర్ణయం. జాన, మూర వంటి శరీర కొలతలతో పరిమాణం నిర్ణయించడం రెండవది. బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి, ఉలితో బెజ్జం తొలిచి కూర్చడం మూడవది. వాడకంలో వచ్చిన లోపాన్ని మరమ్మతు వేళ గ్రహించి, తరువాతి వస్తువులో సవరించుకోవడం నాలుగవది. స్టూడియోలో ‘పరీక్ష’ అనే దశ ఇక్కడ ఏళ్ల తరబడి, ఒకే ఊరిలో, చేసినవాని కళ్లెదుటే జరిగేది.

నులకమంచం దీనికి మంచి ఉదాహరణ. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, నులక - ఇంతే దాని సామగ్రి. ఒక మనిషి ఎత్తి వాకిట్లో వేసుకోగలడు. నులక సందుల్లోంచి గాలి ఆడుతుంది కనుక వేసవికి అనువైనది. నులక వదులైతే కాళ్లవైపు తాడును బిగిస్తే సరిపోతుంది. పట్టె విరిగితే ఆ పట్టెనే మార్చవచ్చు. తేలికదనం, మరమ్మతుకు అనువు, స్థానిక పదార్థం అని నేటి రూపకల్పన విద్య బోధించే గుణాలన్నీ ఇందులో ఉన్నాయి.

4. వెట్టి, గడీ, కుర్చీ

పై వర్ణనతో ఆగితే అది గతాన్ని కీర్తించడమే అవుతుంది. నిజాం పాలనలో దేశ్‌ముఖ్‌ల, జాగీర్దార్ల ఆధిపత్యం కింద వృత్తికులాలన్నీ వెట్టికి లోబడినవే. వడ్రంగులు, కమ్మరులు భూస్వాములకు వ్యవసాయ పనిముట్లను ఉచితంగా చేసి ఇవ్వవలసి వచ్చేదని తెలంగాణ పోరాటంపై పుచ్చలపల్లి సుందరయ్య రచించిన గ్రంథం నమోదు చేసింది. దొర ఎదుట కింది కులాలవారు చేతులు కట్టుకుని నిలబడవలసిందే. కూర్చోవడం ధిక్కారంగా పరిగణించబడేది. అంటే ఆసనాలు చేయగల చేతులున్న మనిషికి దొర ఎదుట ఆసనం లేదు.

రూపకల్పన విద్యలో మొదటి ప్రశ్న ‘దీన్ని వాడేదెవరు?’ అన్నది. గడీ పనిలో ఈ ప్రశ్నకు జవాబు ముందే నిర్ణయమై ఉండేది. కర్ర, పరిమాణం, అలంకరణ, గడువు అన్నీ దొర ఇష్టమే. ఊరి రైతుకు నాగలి చేసినప్పుడు సాగిన సంభాషణ ఇక్కడ సాగేది కాదు. 1946-51 నాటి సాయుధ పోరాటానికి సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాలు ప్రధాన క్షేత్రాలు. వెట్టి రద్దు ఆ పోరాటపు తొలి డిమాండ్లలో ఒకటి. 1949లో జాగీర్ల రద్దు జరిగింది. ఈ మార్పును భూమి కోణం నుంచి విస్తృతంగా చర్చించారు. చేతివృత్తివానికి తన శ్రమపై, తాను చేసే వస్తువుపై మాట చెల్లుబాటు కావడం అనే కోణం కూడా అంతే ముఖ్యమైనది.

5. కాలువ వచ్చిన తరువాత

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలను వరి మాగాణులుగా మార్చింది. మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణమైంది. హైదరాబాదు-విజయవాడ రహదారిపై ఉన్న సూర్యాపేట, కోదాడలు వ్యాపార కేంద్రాలుగా ఎదిగాయి. కొత్త ఇళ్లతో తలుపులు, కిటికీలు, పట్టెమంచాలు, సోఫాల పని పెరిగింది. మరోవైపు ట్రాక్టరు రాకతో నాగలి, బండి పని తగ్గిపోయింది. కళ్లంలోని ధాన్యం వాటా స్థానంలో రోజు కూలి వచ్చింది. ఆపై ప్లైవుడ్, ప్లాస్టిక్ కుర్చీ, తయారు సరుకు వరుసగా వచ్చాయి. వెట్టి నుంచి విముక్తుడైన వడ్రంగి, రెండు తరాలు తిరగకముందే మార్కెట్టు గీసి ఇచ్చిన బొమ్మను అమలు చేసేవాడయ్యాడు.

6. స్టూడియో పద్ధతి రాక

1919లో వైమార్‌లో స్థాపితమైన బౌహౌస్ పాఠశాలలో ప్రతి పనిశాలకు ఇద్దరు గురువులు ఉండేవారు: ఒకరు రూపాన్ని, మరొకరు చేతిపనిని బోధించేవారు. అయినా ఇద్దరికీ సమాన అధికారం దక్కలేదు. భారత ప్రభుత్వ కోరికపై చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో సమర్పించిన నివేదిక సాధారణమైన లోటాను ఆదర్శ రూపకల్పనగా విశ్లేషించింది. ఆ స్ఫూర్తితో 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. భారతీయుల శరీర కొలతలపై దేబ్‌కుమార్ చక్రవర్తి గ్రంథాన్ని ఆ సంస్థ 1997లో ప్రచురించింది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి సంస్థ తరగతులు ప్రారంభించింది. 2019 చట్ట సవరణతో దానికి జాతీయ ప్రాముఖ్య సంస్థ హోదా లభించింది.

లోటాను విశ్లేషించిన పద్ధతిలోనే నులకమంచాన్ని విశ్లేషించవచ్చు. కానీ లోటా చేసిన కంచరి ఎవరు, అతని ప్రతిఫలమెంత అన్న ప్రశ్నలు ఆ విశ్లేషణకు బయటే ఉండిపోయాయి. మన స్టూడియోలు ఈ లోపాన్ని వారసత్వంగా స్వీకరించవలసిన పనిలేదు. కోదాడలో ఒక విద్యార్థి బడిపిల్లల కోసం బల్ల రూపొందిస్తే, ఆ పిల్లల కొలతలు, స్థానిక కర్ర, మరమ్మతు చేయగల వడ్రంగి అభిప్రాయం మొదటి చిత్తుగీతకు ముందే సేకరించవలసి ఉంటుంది. తొలి నమూనా వడ్రంగికి అప్పగించే ఆజ్ఞగా కాక, అతనితో సాగే సంభాషణగా ఉండాలి.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. గ్రామీణ వడ్రంగంలో రూపకల్పన దశలు ఉన్నాయి. గీసిన బొమ్మ లేకపోవడాన్ని ఆలోచన లేకపోవడంగా భావించరాదు.

2. వెట్టి వడ్రంగి నైపుణ్యాన్ని తీసివేయలేదు, నిర్ణయాధికారాన్ని తీసివేసింది. నేటి మార్కెట్టు మరో రూపంలో అదే చేస్తున్నది.

3. ఈ ప్రాంతంలో కుర్చీ చరిత్ర ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు అన్న చరిత్ర కూడా. ఫర్నిచర్ స్టూడియో ప్రాజెక్టులో ఈ ప్రశ్న అంతర్భాగం కావాలి.

4. తొలి నమూనాపై విద్యార్థి పేరుతో పాటు దానిని చేసిన వడ్రంగి పేరునూ నమోదు చేయడం చిన్న మార్పే. కళ్లం వాటా పోయి కూలి మాత్రమే మిగిలిన వృత్తికి అది ఒక హక్కును గుర్తించడం అవుతుంది.