ఉత్తర తెలంగాణమున భోజనవేళలు

కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల జొన్నచేల పల్లెలలో గడియారము గోడకెక్కక పూర్వము, భోజనవేళను నిర్ణయించినవి సూర్యగమనమును, నాగలియు, కైకిలిపనియు మాత్రమే. ప్రొద్దుట అంబలియో, రాత్రి మిగిలిన గట్కను మజ్జిగతో కలిపిన సద్దియో కడుపున వేసికొని చేనికి బోయిన రైతు, పగటివేళ సద్దిమూట విప్పి జొన్నరొట్టెను మిరపకాయ తొక్కుతో దిని, పొద్దుగూకిన కొలదిసేపటికే, విసిరిన జొన్నరవ్వను ఎసట నుడికించిన వేడిగట్కతో దినమును ముగించెడివాడు. దీపపుచమురు ప్రియమగుటచే చీకటి ముదిరినపిదప పొయ్యి వెలుగుట అరుదు. అందుచే కడపటి ముద్దకును మరునాటి అంబలికిని నడుమ సుదీర్ఘమగు విరామము దానంతట నదియే ఏర్పడుచుండెను.

భోజనవేళను గూర్చిన నియమములు ఆ సీమకు క్రొత్తవి కావు. గంగాధర సమీపమున కురిక్యాల బొమ్మలగుట్టపై పంపమహాకవి తమ్ముడగు జినవల్లభుడు పదవ శతాబ్దిలో జైనమూర్తులను చెక్కించి, సంస్కృతాంధ్ర కర్ణాటభాషలలో శాసనము వ్రాయించెను. సూర్యాస్తమయానంతరము భుజింపకుండుట జైనమతస్థులకు వ్రతము. పల్లెటూరి సందెభోజనము దానినుండియే వచ్చినదనుట సాహసమగును, ఏలయన అదే సీమలో పగలుపవసించి నక్షత్రదర్శనానంతరము భుజించు కార్తికనక్తమును ఆచరించువారును కలరు. తిన్నది జీర్ణింపకమున్నే మరల తినుటను ఆయుర్వేదము అధ్యశనమని పేర్కొని నిషేధించినది. అయితే దొరల గడీలలో వెట్టిచేసిన నిరుపేదకు ఒంటిపూట భోజనము వ్రతమును గాదు, పథ్యమును గాదు. అది లేమి. పూర్వుల మితాహారమును ప్రశంసించువారు ఈ సంగతిని మరువరాదని నా నిశ్చితాభిప్రాయము.

ఈ దినచర్యను మొదట ఛేదించినది బొగ్గు. 1920లో సింగరేణి కంపెనీ ఆ పేరిట నేర్పడి, తరువాత బెల్లంపల్లిలోను, 1961లో రామగుండము ప్రాంతమునను గనులు తెరచినంతట, వేలాది సేద్యగాండ్రు బాయిపనికి దిగిరి. మూడు షిఫ్టులుగా విభక్తమైన దినములో రాత్రి డ్యూటీవాడు పగలు నిద్రించి, ఊరెల్ల నిద్రించువేళ డబ్బా విప్పవలసివచ్చెను. వ్యవసాయదారునికిని పూర్వపు క్రమము నిలువలేదు. 1963లో శంకుస్థాపనమైన పోచంపాడు ప్రాజెక్టు కాకతీయ కాలువతో వరిని దెచ్చెను. 1983లో వచ్చిన కిలో రెండురూపాయల బియ్యము జొన్నను వెనుకకు నెట్టెను. పిమ్మట రాత్రివేళ వచ్చు కరెంటుకై మోటారు కడ జాగరణము చేయు రైతునకు, భోజనవేళయన చాయ్ వేళయే యయ్యెను.

భోజనవేళలు మారినచో దేహమున నేమి జరుగునో తెలియగోరువారు కొలెస్టరాలను గూర్చిన పరిశోధనలను చూడవలెను. కొలెస్టరాలు శరీరమున నేర్పడు క్రమమును వివరించినందులకు బ్లాక్, లినెన్ అను శాస్త్రజ్ఞులకు 1964లో నోబెల్ బహుమానము లభించినది. ఆ సంవత్సరమే ప్రేగ్ నగరపు ఫాబ్రీయును, ఆయన సహచరులును, మధ్యవయస్సు దాటిన పురుషులలో తక్కువసార్లు తినువారికే స్థూలత్వమును, రక్తమున కొలెస్టరాలును అధికముగా కానవచ్చుచున్నవని ప్రకటించిరి. 1989లో టొరాంటోలో జెంకిన్స్ బృందము ఏడుగురు పురుషులకు ఒకే ఆహారమును ఒక పర్యాయము 3 భోజనములుగను, వేరొక పర్యాయము 17 చిరుభాగములుగను రెండేసివారములు పెట్టి పరీక్షింపగా, చిరుభాగములు దిన్న కాలమున చెడు కొలెస్టరాలనబడు ఎల్‌డీఎల్ కొలెస్టరాలు సుమారు 13.5 శాతము తక్కువగా నుండెను. పెద్దభోజనము ఇన్సులినును హెచ్చుగా వెలువరించును. ఇన్సులిను కాలేయమునందు కొలెస్టరాలు నిర్మాణమును ప్రేరేపించును.

దీనినిబట్టి మన జొన్నగట్క రైతు దినమునకు పదునేడుసార్లు తినియుండవలసినదని తలచుట పొరపాటు. ఆ పరీక్షలో ఆహారము ఒక్కటే, పరిమాణము ఒక్కటే. తరచుగా తినుటయన్న పేరిట నేడు అదనముగా జేరు మిర్చిబజ్జీలకు ఆ ఫలితము వర్తింపదు. మరియు ఎన్నిసార్లు అను ప్రశ్నకంటె ఏ వేళ అను ప్రశ్నయే మన జిల్లాలకు ముఖ్యమని నాకు దోచును. కాలేయము కొలెస్టరాలును రాత్రివేళనే అధికముగా నిర్మించును. అందువలననే దానిని తగ్గించు మందులలో కొన్నింటిని పండుకొనుటకు ముందు వేసికొమ్మందురు. పగలు దిన్న అన్నమే నడిరేయి దిన్నచో, చక్కెరయు, ట్రైగ్లిసరైడులను క్రొవ్వులును రక్తమున అధికకాలము నిలుచును. షిఫ్టులలో పనిచేయువారికి హృద్రోగము హెచ్చుగా వచ్చుట పెక్కుదేశములలో గమనింపబడినది.

కావున గోదావరిఖనిలోనో, మందమర్రిలోనో రాత్రి డ్యూటీ దిగివచ్చిన కార్మికుని రక్తమును పరీక్షించు వైద్యుడు, ఏమి తింటిరని యడుగుటతో తృప్తిపడక, ఈ వారము ఏ షిఫ్టు, కడపటి ముద్ద ఏ జామున దింటిరి, అనియు నడుగవలెను.