ఫిట్స్ అంటే కాళ్లూచేతులూ కొట్టుకోవడమేనా? ఈ రకాలూ ఉన్నాయి.. తేడా ఇలా గుర్తించండి!

క్లాసులో కూర్చున్న పిల్లాడు ఉన్నట్టుండి పది సెకన్లు అలా చూస్తూ ఉండిపోతాడు. పిలిచినా పలకడు. మళ్లీ ఏమీ జరగనట్టే రాసుకుంటాడు. ‘పరధ్యానం ఎక్కువ’ అని పెద్దలు తిట్టేస్తుంటారు. కానీ అది కూడా ఫిట్సే కావచ్చు!

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ వ్యాధి ఉంది. సరైన చికిత్స అందితే 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకొచ్చు. అయితే ఏ రకమో తెలియడం ముఖ్యం. కొన్ని ఫిట్స్‌కు పనిచేసే కార్బమజెపైన్ లాంటి మందు మరో రకంలో సమస్యను పెంచే ప్రమాదం ఉంది.

టానిక్-క్లానిక్: అందరికీ తెలిసిన రకం ఇదే. స్పృహ తప్పి, ఒళ్లు బిగుసుకుపోయి, ఆ తర్వాత కాళ్లూచేతులూ కొట్టుకుంటాయి. నాలుక కొరుక్కోవడం, బట్టల్లోనే మూత్రం పోవడం జరగొచ్చు.

ఆబ్సెన్స్: పిల్లల్లో ఎక్కువ. కొన్ని సెకన్ల పాటు చూపు నిలిచిపోతుంది. రోజుకు చాలాసార్లు రావచ్చు. మామూలు పరధ్యానమైతే భుజం తట్టగానే తేరుకుంటారు, ఇందులో అలా జరగదు.

ఫోకల్: మెదడులో ఒక భాగంలో మొదలవుతుంది. ఒక చెయ్యి మాత్రమే అదరడం, లేని వాసన రావడం, పెదవులు చప్పరించడం, బట్టలు లాగుతూ ఉండటం కనిపిస్తాయి. కొందరికి స్పృహ ఉంటుంది, కొందరికి జరిగింది గుర్తుండదు.

మయోక్లోనిక్: కరెంట్ షాక్ కొట్టినట్టు ఒక్క కుదుపు. టీనేజర్లలో వచ్చే ఒక రకంలో ఉదయం లేవగానే చేతిలోని బ్రష్ జారి పడిపోతుంటుంది.

ఎటోనిక్: కండరాలు పట్టు తప్పి ఒక్కసారిగా కుప్పకూలిపోతారు. తలకు దెబ్బలు తగిలే ముప్పు ఎక్కువ.

ఎదురుగా ఎవరికైనా ఫిట్స్ వస్తే..

చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఫిట్స్ ఆగవు. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. నోట్లో చెంచా, నీళ్లు ఏమీ పెట్టొద్దు. గట్టిగా అదిమి పట్టుకోవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, టైమ్ చూసుకోవాలి. 5 నిమిషాలు దాటినా, స్పృహ రాకుండానే మళ్లీ వచ్చినా, మొదటిసారి వచ్చినా, గర్భిణికి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

వీలైతే పక్కనున్న ఇంకొకరు సెల్‌ఫోన్‌లో వీడియో తీయాలి. ఈఈజీ నార్మల్‌గా వచ్చినా మూర్ఛ లేదని కాదు. అందుకే ఆ వీడియో న్యూరాలజిస్ట్‌కు ఎంతో ఉపయోగపడుతుంది.