బ్రేకు, టైరు హెచ్చరిక దీపాలు

కారు డ్యాష్‌బోర్డుపై బ్రేకు వ్యవస్థలోని లోపాన్ని, టైర్లలో గాలి తగ్గడాన్ని తెలిపే సూచికలను బ్రేకు, టైరు హెచ్చరిక దీపాలు అంటారు. ఇవి లోపం ఉన్నదని చెప్పగలవే గాని అది ఎక్కడ ఉన్నదో చెప్పలేవు. పాత కార్లలో ఒకే దీపం అనేక కారణాల వల్ల వెలుగుతుంది.

ఎర్ర దీపం

వృత్తంలో ఆశ్చర్యార్థకం, ఇరువైపులా చాపాలు గల ఎర్ర దీపం బ్రేకులకు చెందినది. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు స్విచ్చి, బ్రేకు ద్రవం మట్టాన్ని గమనించే స్విచ్చి రెండూ ఈ ఒక్క దీపానికే కలిపి ఉంటాయి. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించినా దీపం ఆరకపోతే, మాస్టర్ సిలిండరుపై ఉండే ద్రవపు డబ్బాను ముందుగా చూడాలి. ఈ ద్రవాన్ని మెకానిక్కులు బ్రేక్ ఆయిల్ అంటారు గాని ఇది నూనె కాదు. డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ సంబంధమైనవి. పొరపాటున ఇంజను ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి.

ద్రవం మట్టం తగ్గడానికి ఒక కారణం అరుగుదల. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ పిస్టన్లు ముందుకు జరిగి, వాటి వెనుక ఖాళీలోకి ద్రవం చేరుతుంది. ఈ తగ్గుదల నెలల తరబడి మెల్లగా సాగుతుంది. రెండవ కారణం ద్రవం కారిపోవడం. చక్రాల లోపలివైపు తడి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోవడం దీని గుర్తులు. అటువంటి కారును నడపరాదు. ద్రవం పోసి దీపాన్ని ఆర్పడం వాడుకలో ఉన్న పద్ధతే అయినా, దానివల్ల అరిగిన ప్యాడ్ల సంగతి మరుగున పడుతుంది. మలుపులలో మాత్రమే దీపం మిణుకుమంటే ద్రవం కనిష్ఠ గీత దగ్గరకు వచ్చి ఉండవచ్చు.

పసుపు రంగు ఏ.బి.ఎస్. దీపం ఒక్కటే వెలిగితే సాధారణ బ్రేకులు పనిచేస్తాయి. ఎర్ర దీపం కూడా తోడైతే, ముందు వెనుక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు ఆగి ఉండవచ్చు. అప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే వెనుక చక్రాలు ముందుగా పట్టేసి కారు అడ్డం తిరిగే ప్రమాదముంది. భారతదేశంలో కొత్త కార్లకు ఏ.బి.ఎస్. 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరి అయినది. అంతకు ముందరి చౌక కార్లలో చాలావాటికి ఈ దీపమే ఉండదు.

టైరు దీపం

గుర్రపు నాడా ఆకారంలో ఉండే ఈ దీపం అమెరికాలో 2000 నాటి ట్రెడ్ చట్టం ఫలితం. 2007 సెప్టెంబరు నుండి తయారైన కార్లన్నిటికీ అక్కడ ఇది తప్పనిసరి. నిర్దేశించిన పీడనం కన్నా 25 శాతం తగ్గితే దీపం వెలగాలన్నది నియమం. అనగా 32 పి.ఎస్.ఐ. ఉండవలసిన టైరు 24కు దిగేవరకు అది వెలగకపోవచ్చు.

నిలకడగా వెలిగితే గాలి తక్కువని అర్థం. ఇంజను స్టార్ట్ చేయగానే నిమిషానికి పైగా మిణుకుమని ఆ తరువాత నిలిచి వెలిగితే, లోపం టైరులో కాక వ్యవస్థలోనే ఉన్నట్లు. పాత కార్లలో దీనికి సాధారణ కారణం చక్రం లోపలి సెన్సారు బ్యాటరీ అయిపోవడం. ఆ బ్యాటరీ విడిగా మార్చే వీలు లేనందున సెన్సారునే మార్చవలసి ఉంటుంది. కొన్ని కార్లలో చక్రాల సెన్సార్లు ఉండవు. గాలి తగ్గిన చక్రం వేగంగా తిరగడాన్ని ఏ.బి.ఎస్. ద్వారా లెక్కిస్తారు. నాలుగు టైర్లలోనూ గాలి సమానంగా తగ్గితే ఈ పద్ధతి కనిపెట్టలేకపోవచ్చు. వీటిలో ఏ.బి.ఎస్., టైరు దీపాలు ఒకేసారి వెలిగితే చక్ర వేగ సెన్సారును అనుమానించాలి.

బల్బు పరీక్ష

తాళం తిప్పగానే ఈ దీపాలు కొన్ని క్షణాలు వెలిగి ఆరాలి. అసలే వెలగని దీపం బల్బు మాడిపోయినది గాని, పాత కారును అమ్మేవారు లోపాన్ని దాచడానికి తీసివేసినది గాని కావచ్చు.